మళ్ళా రమ్మన్న మెయిల్ పెట్టె

ఒకప్పుడు క్యాతగానచెర్లులో కాటయ్య కొడుకు యోగీశ్‌ని మెయిల్ గురించి అడిగితే, అన్నం మరిచిపోయి చెప్పేవాడు. ఇప్పుడు మాత్రం ఎవరూ అడగకండి.

వాళ్ళ పొలం సోలారు పార్కు పలకల కిందికి పోయింది. యోగీశ్ ఆ పార్కులోనే వైరింగు పనికి కుదిరాడు.

"భూమి ఎట్లాగూ లీజుకి పాయ. మన మెయిలన్నా మనింట్లో ఉండనీ నాయనా" అంటూ పాత కంప్యూటరొకటి తెచ్చి, దాంట్లో యూనిక్స్ ఎక్కించి, రాగుల గదిలో మెయిల్ సర్వరుగా పెట్టాడు. ఇంట్లోవాళ్ళ మెయిళ్ళన్నీ ఇక ఆ సర్వరుకే రావాలని వాడి పట్టు.

మెయిల్ సాఫ్ట్‌వేర్ దగ్గరే పేచీ వచ్చింది. హొసకోటలో కంప్యూటరు అంగడి నడిపే స్నేహితుడు మధుకుమార్ ఒకటి చెప్పాడు. అది వచ్చినవన్నీ లోపలికి తీసుకుని, చెత్తను తర్వాత ఏరుతుంది. యోగీశ్‌కి ఇంకొకటి నచ్చింది. అది కొత్తవాళ్ళ మెయిలును "కాసేపాగి మళ్ళా రా" అని వాకిట్లోంచే తిప్పి పంపుతుంది. చెత్త పంపేవాళ్ళు మళ్ళీ రారు.

"పనికొచ్చేది కూడా పోతాదేమోరా!" అన్నాడు మధుకుమార్.

"పిల్లనడిగేకి వచ్చినోళ్ళకి మా ఇండ్లల్లో మొదటితూరి మజ్జిగిచ్చి పంపిస్తారప్పా. నిజంగా కావల్సినోళ్ళు మళ్ళా వస్తారు. మా నాయన మూడుతూర్లు తిరిగినాడు, అడుగు!"

"మూడోతూరికి చెప్పులు తెగినాయి, పాపం" అని నవ్వింది వాళ్ళమ్మ ఓబమ్మ.

చెల్లెలు మోనిక నర్సు చదువు ముగించి, బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి అర్జీ పెట్టింది. అన్న చేసిచ్చిన మెయిల్ అడ్రసే రాసింది. రోజూ పొద్దున్నే అడిగేది.

"వచ్చిందా అన్నా?"

"వస్తాదిలేమ్మే."

రాలేదు. చివరికి తనే ఫోన్ చేసింది. అవతలామె కన్నడలో మెల్లగానే చెప్పింది. చేరమని మెయిల్ పంపారట. మీ పెట్టె తర్వాత రమ్మందట. వాళ్ళ మిషను మళ్ళీ పంపలేదు. గడువు దాటితే వేరే అమ్మాయిని చేర్చుకున్నారు.

మోనిక ఏడవలేదు. "అందరూ నాయన మాదిరి మళ్ళా వస్తారా అన్నా?" అంది, అంతే.

ఇప్పుడామె తమ పొలంలోనే పలకలు కడిగే పనికి పోతోంది. యోగీశ్ ఆ ఫోన్ చేసిన మర్నాడే మధుకుమార్ చెప్పిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. లోన్లు, లాటరీలు, చీరల ప్రకటనలు, అన్నీ వస్తున్నాయి. వాడు ఒక్కటీ చెరపడు. ప్రతిదీ తెరిచి చివరిదాకా చదువుతాడు.

మోనిక మాత్రం ఆ గదిలో అడుగు పెట్టదు. రాగులు కావాలన్నా ఓబమ్మే పోయి తెచ్చుకుంటుంది.