ముందు కిటికీ ఊచ ముట్టుకోండి

టైపు మాస్టారు పోయారన్న కబురు నాకు టీ కొట్టు దగ్గర తెలిసింది. గ్లాసు చేతికిస్తూ కొట్టామె, "ఏటి బాబూ, టైపు మాస్టారు అనకాపల్లి ఆస్పత్రిలో పోయేరంట. గుండెంట. మీకింకా తెల్దా?" అంది. నేను తలూపి టీ తాగాను. అప్పుడు నా మనసులోకి మొట్టమొదట వచ్చిన మాట ఇక్కడ రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ. ఇకమీదట ప్లీడరు గారు కూడా తన కంప్యూటరు బాగుచెయ్యడానికి నన్నే పిలవాలి, అనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, డబ్బులిచ్చి, రోజూలాగే కొట్టుకి వెళ్ళాను.

మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకున్నవాళ్ళు ఆయన పేరున ఈ చిన్న పుస్తకం వేస్తున్నారు. ఊళ్ళో ఆయన తర్వాత కంప్యూటర్లు చూసేది నేనే కాబట్టి నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. నేను ఎరువుల కొట్టులో గుమస్తాని. ఏడో తరగతితో బడి మానేశాను. రోజూ కొట్టు కట్టేసే ముందు లెక్క రాసుకుని, దాని కింద ఆ రోజు జరిగినదాన్ని ఒకటి రెండు వాక్యాల్లో రాసుకోవడం అలవాటు. ఈ సంగతులన్నీ ఆ పుస్తకాలు తిరగేసి రాస్తున్నవే, ఒక్కటి తప్ప.

మా షావుకారు విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు కొనుక్కొచ్చారు. దానితోపాటు ఇంగ్లీషులో ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. కంప్యూటరు షావుకారుది, పుస్తకం నాది అన్నట్టయింది. పక్కన డిక్షనరీ పెట్టుకుని రోజుకో పేజీ చదివాను. ఆరు నెలలయ్యేసరికి కమాండ్లన్నీ నోటికి వచ్చేశాయి. చోడవరంలో ఇంతకన్నా తెలిసినవాడు ఉండడని నాలో నేను అనుకునేవాణ్ణి. ఎవరితోనూ అనలేదు. మాట్లాడడం నాకు మొదటినుంచీ తక్కువ.

ఒకరోజు మౌసు కదలడం మానేసింది. నేను పుస్తకంలో మౌసు గురించి ఉన్నదంతా రెండుసార్లు చదివాను. షావుకారికి ఓపిక చాలక టైపు మాస్టారికి కబురు పెట్టారు.

ఆయన సైకిలు మీద వచ్చారు. భుజానికి గుడ్డసంచి. అందులో గడ్డం గీసుకునే బ్రష్షు, పెన్సిలు రబ్బరు, స్క్రూడ్రైవరు, సైకిలు పంపు. మౌసుని తిరగేసి అడుగునున్న చక్రం తిప్పి, లోపలి బంతిని అరచేతిలోకి దొర్లించుకున్నారు. బంతి తిరిగే చోట నల్లగా పేరుకున్న మట్టిని బొటనవేలి గోటితో గీకారు. మౌసు కదిలింది.

"ఇది పుస్తకంలో ఉండదు బాబూ, గోట్లో ఉంటాది," అన్నారు నాకేసి చూసి.

షావుకారు నవ్వారు. నేను నవ్వలేదు. ఆ రోజు నా పుస్తకంలో "మౌసు బాగయింది" అని మాత్రం ఉంది. ఎవరు బాగుచేశారో రాయలేదు.

అప్పటినుంచి ఆయన నెలకోసారి వచ్చేవారు. నేను నా స్టూలు మీద కూర్చుని, పద్దులు చూసుకుంటున్నట్టు తల వంచుకునే, ఆయన చేసేదంతా చూసేవాణ్ణి. కంప్యూటరు పెట్టె విప్పే ముందు తప్పనిసరిగా వెళ్ళి కిటికీ ఊచ పట్టుకునేవారు. "ముందు కిటికీ ఊచ ముట్టుకోండి. ఒంట్లో ఉన్న కరెంటు దానికిచ్చేసి అప్పుడు లోపల చెయ్యెట్టండి. లేపోతే అది కంటికి కనపడకండా లోపల కొరికేస్తాది," అనేవారు. దుమ్ము బ్రష్షుతో దులిపి, పెట్టెని వసారాలోకి పట్టుకెళ్ళి పంపుతో ఊదేవారు. గదిలో ఊదితే దుమ్ము మళ్ళీ ఆ పెట్టెలోకే పోతుందట. మెమరీ ముక్కని ఊడదీసి, దాని బంగారు రంగు పళ్ళని పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దేవారు. ఆపిన కంప్యూటర్ని వెంటనే వెయ్యనిచ్చేవారు కాదు, పది లెక్కపెట్టమనేవారు. పొలాల్లో మోటార్లు వేస్తే కరెంటు పడిపోతుందని, ఆ వేళకి ముందే ఒకసారి సేవ్ కొట్టుకోమనేవారు. షావుకారు దుమ్ము పడుతుందని నడుస్తున్న కంప్యూటరు మీద కూడా ముసుగు తీసేవారు కాదు. "దుప్పటి కప్పుకుని ఎండలో పరిగెత్తితే మీకెలాగుంటాది షావుకారూ?" అని మాస్టారే ముసుగు లాగేశారు.

ఇవన్నీ ఇప్పుడు నేను ఊరివాళ్ళకి చెప్తున్నాను. నా సొంత మాటల్లా చెప్తున్నాను.

అన్నిటికన్నా నన్ను కాల్చింది వేరే ఉంది. మా షావుకారు కాగితం మీద శ్రీ చుట్టనిదే ఒక్క అంకె వెయ్యరు. కంప్యూటరు వేసిన ప్రతిసారీ ముఖం చిట్లించేవారు. మాస్టారు అది కనిపెట్టి, కంప్యూటరు మొదలవగానే చదువుకునే ఫైల్లో రెండు లైన్లు చేర్చారు. తెర మీద చుక్కలు చుక్కలుగా పెద్ద శ్రీ వచ్చి, ఒక మీట నొక్కేదాకా అలాగే ఉండేది. షావుకారు కుర్చీలోంచి లేచి దణ్ణం పెట్టుకున్నారు. ఆ ఫైలు గురించి నాకు మాస్టారి కన్నా ఎక్కువే తెలుసు. పుస్తకంలో ఆ పేజీలు నాకు కంఠతా. పద్దెనిమిదేళ్ళుగా ఆ షావుకారు దగ్గర చేస్తున్నది కూడా నేనే. అయినా ఆ శ్రీ నాకు తట్టలేదు. ఆయన నాలుగుసార్లు వచ్చి చూసినదాన్ని పద్దెనిమిదేళ్ళుగా చూడని నా కళ్ళ మీద నాకు కోపం రావాలి. ఆయన మీద వచ్చింది.

ఆ ఏడు కొత్త బెల్లం వచ్చిన రోజుల్లో చీమలు పట్టాయి. షావుకారు బుగ్గన బెల్లం ముక్క పెట్టుకుని, అదే చేత్తో మీటలు నొక్కేవారు. చీమలు కీబోర్డు దాటి పెట్టెలోకి దారి చేసుకున్నాయి. మాస్టారు వచ్చి పెట్టె విప్పి దులిపారు. బల్ల కాళ్ళ కింద కొబ్బరి చిప్పల్లో నీళ్ళు పెట్టించారు. "బెల్లం తిన్న చెయ్యి కడుక్కోండి. అంతకి మించిన మందు లేదు," అని చెప్పి వెళ్ళారు. మర్నాటికి చీమలు కరెంటు వైరు మీదుగా వచ్చాయి. నాకు సంతోషం కలిగింది. ఆయనకి చేతకానిది ఒకటి దొరికింది.

షావుకారు భోజనానికి వెళ్ళినప్పుడు నేను పెట్టె విప్పాను. కిటికీ ఊచ ముట్టుకోలేదు, కావాలనే. మా కొట్టులో పురుగుమందులకి లోటా? చీమల పొడి గుప్పెడు తీసి లోపల చల్లి, మళ్ళీ బిగించేశాను.

మర్నాడు షావుకారు మీట నొక్కగానే లోపలి ఫ్యాను ఆ పొడిని ఆయన ముఖాన కొట్టింది. చొక్కా తెల్లబడింది, తెర నల్లబడింది. మాస్టారికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చేసరికి కొట్టులో నలుగురు రైతులున్నారు.

"ఏటి మాస్టారూ ఇది? మొన్న పెట్టె విప్పింది మీరు. లోపల ఏటి పోసేరు?" అన్నారు షావుకారు.

వడ్డాది నుంచి వచ్చిన రైతు ఒంగి చూసి, "పెసర సేనుకి జల్లినట్టు జల్లేసేరు. ఎకరాకి సరిపోద్ది," అన్నాడు. అందరూ నవ్వారు.

మాస్టారు వేలితో కాస్త పొడి తీసి వాసన చూశారు. తర్వాత నాకేసి చూశారు. నేను పద్దు పుస్తకంలోకి చూశాను.

"సరే, నే చూసుకుంటాను లెండి," అన్నారాయన.

"సూసుకోడం కాదు. రైతుల కాతాలన్నీ అందులోనే ఉన్నాయి. పోతే ఎవులు సెప్తారు?"

"పోవు," అన్నారు మాస్టారు.

ముక్కుకి తువ్వాలు కట్టుకుని వసారాలో రెండు గంటలు కూర్చున్నారు. ఒక్కొక్క ముక్కా విప్పి, తుడిచి, మళ్ళీ బిగించారు. వేస్తే శ్రీ వచ్చింది. ఖాతాలేవీ పోలేదు. అయినా షావుకారు, "ఇకనుంచి మా గుమస్తా సూసుకుంటాడు లెండి. మీకెందుకు శ్రమ," అన్నారు. రెండేళ్ళుగా నేను కోరుకున్న మాట అది.

ఇళ్ళకి మా దారి ఒకటే. ఆయన సైకిలు నడిపించుకుంటూ, నేను పక్కన. మలుపు దగ్గర ఆగి, "ఆ పొడి చేతికి అంటుకుంటే తొందరగా వదల్దు బాబూ. రెండుసార్లు సబ్బెట్టి కడుక్కోండి. ఈలోగా కళ్ళు నలుపుకోకండి," అని చెప్పి సైకిలెక్కి వెళ్ళిపోయారు.

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరితోనూ అన్నట్టు నా చెవిన పడలేదు. తిట్టి ఉంటే ఆయన్ని మర్చిపోయేవాణ్ణేమో. ఆయన పనితనం మీద అసూయ పడడం నాకు అలవాటే. ఆ మలుపు దగ్గరనుంచి ఆయన ఊరుకోగలగడం మీద కూడా పడవలసి వచ్చింది. మొదటిదైతే చూసి నేర్చుకోవచ్చు.

మాట ఊరంతా పాకింది. టైపు మాస్టారు కంప్యూటర్లో చీమల మందు పోసేరంట అని చెప్పుకుని నవ్వేవారు. పెద్ద వీధి డాక్టరు గారు ఆయన్ని పిలవడం మానేసి నన్ను పిలిచారు. తర్వాత ఫొటో స్టూడియో. ప్లీడరు గారొక్కరే మానలేదు. ఆ ఒక్క కంప్యూటరు కోసం నేను ఆయన వాకిలికేసి చూస్తూ పోయేవాణ్ణి. పొడి చల్లిన రోజు పేజీ ఇప్పుడు తీసి చూశాను. లెక్క ఉంది. దాని కింద ఖాళీ.

మాస్టారిని ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన రోజు వాళ్ళింటి ముందు జనం నిలబడ్డారు. సగంమంది ఆయన దగ్గర టైపు నేర్చుకుని ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళు. డాక్టరు గారి కాంపౌండరు నా పక్కనే ఉన్నాడు. "బంగారం లాంటి మనిషండి. ఆ మందు పొడి పని ఒక్కటే, పాపం, ఏ పరాకులో ఉండి సేసేరో," అన్నాడు. నాకేసి చూసి, "మీరు దగ్గరుండి సూసేరు కదా," అన్నాడు.

నేను తలూపాను. టీ కొట్టు దగ్గర ఊపినట్టే.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయనకి పరాకు లేదు. ఆ పొడి చల్లింది నేను. ఆయన చేతి మీద పడిన ఆ ఒక్క మచ్చ నాది. మా షావుకారు ఇది చదువుతారు, డాక్టరు గారూ చదువుతారు. ఇకమీదట నన్ను పిలవకపోతే అది న్యాయమే. ఆయన బతికుండగా ఆ మలుపు దగ్గర నాలుగు మాటల్లో అయిపోయేదానికి ఇన్ని పేజీలు పట్టాయి.

పన్నెండో రోజు వెళ్ళాక మాస్టారి భార్య నన్ను పిలిపించారు. "పరీక్షలకి కట్టిన పిల్లలున్నారు బాబూ. ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న రెండు కంప్యూటర్లూ ఓసారి సూసి పెడుదురూ. మీకైతే తెలుస్తాదని ఆయనే అనేవోరు," అన్నారు. ఆ మాట వినడానికి ఒకప్పుడు నేను ఏమైనా ఇచ్చేవాణ్ణి.

ఇన్‌స్టిట్యూట్ గది తాళం తీసిచ్చి ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. టైపు మిషన్ల మీద ముసుగులున్నాయి. గుడ్డసంచి మేకుకి ఉంది. స్క్రూడ్రైవరు తీసుకుని, అలవాటుగా కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఊచలన్నిటికీ ఆకుపచ్చ రంగు వేసి ఉంది. చివరనుంచి మూడో ఊచ మీద, గుండెల ఎత్తున, ఒకచోట రంగు లేదు. లోపలి ఇనుము తేలి, రోజూ తోమిన గిన్నెలా నున్నగా మెరుస్తోంది.

పక్క ఊచ పట్టుకోబోయి, ఆగి, దాన్నే పట్టుకున్నాను. నా గుప్పిట దాన్ని పూర్తిగా కప్పలేదు. పైనా కిందా ఇంకా కొంచెం ఇనుము కనిపిస్తూనే ఉంది.