గులాబీ రంగు పొట్లాలు

కోరుట్లకు నాలుగు మైళ్ల దూరంలోని మా ఊళ్లో చాలా ఏళ్లు నేనే డాక్టరును. చదువు లేదు. జగిత్యాలలో ఒక డాక్టరు దగ్గర ఆరేళ్లు కాంపౌండరుగా సూదులు మరగబెట్టి, ఆ అనుభవంతోనే సైకిలుకు సంచి తగిలించుకుని వచ్చి కూర్చున్నాను. ఊరు నన్ను 'డాక్టర్ సాబ్' అంది. ఆ పిలుపు నాకు బాగా తలకెక్కింది.

ఏ నొప్పికైనా నా దగ్గర ఒకటే మందు. పాత పేపరు ముక్కలో కట్టిన గులాబీ రంగు పొడి. అది మామూలు ఆస్ప్రిన్ గోళీ. కల్వంలో నూరి, చిటికెడు మిఠాయి రంగు కలిపేవాణ్ణి. గోళీని గోళీగా ఇస్తే మర్నాటి నుంచి కిరాణా దుకాణంలోనే కొనుక్కుంటారని నా భయం. ఎవరైనా అడిగితే మాత్రం వేరే కారణం చెప్పేవాణ్ణి. అవి నక్సలైట్ల రోజులు. అన్నలకు మందులిస్తున్నావా అని మాలాంటివాళ్లను పోలీసులు ఠాణాకు పిలిచి గంటల తరబడి కూర్చోబెట్టే కాలం. "గోళీల అట్టలు ఇంట్ల కనబడితె లేనిపోని తకరారు. అందుకే పొడి జేసి ఇస్తున్న" అనేవాణ్ణి. అందరూ నమ్మారు. ఊరంతా నిజంగా భయపడుతున్నప్పుడు ఆ భయాన్ని నేను నా బేరానికి వాడుకున్నాను.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల బీడీలు చుట్టే తల్లీ బిడ్డా ఉండేవారు. బిడ్డకు పంతొమ్మిదేళ్లు. కుడి మోకాలి కింది ఎముకలో నొప్పి. పగలు అంతంత మాత్రం, పడుకుంటే మాత్రం ప్రాణం తీసేది. నా పొట్లం వేసుకుంటే అరగంటలో పోయేది. మర్నాడు మళ్లీ వచ్చేది. అట్లా ఏడాది గడిచింది.

"డాక్టర్ సాబ్, జగిత్యాల పోయి కాలుకు ఎక్స్‌రే ఫోటో తీపియ్యాల్నా?" అని తల్లి ఒకసారి అడిగింది.

"నా మందుకు తగ్గుతందా, లేదా?"

"తగ్గుతంది."

"మరి ఫోటో ఎందుకు? గోడకు తగిలిచ్చుకుంటవా?"

నా మాటకు నేనే నవ్వుకున్నాను. నొప్పి రోజూ తిరిగొస్తోందంటే లోపల ఏదో ఉండాలి కదా అన్న ఆలోచన నాకు రాకపోలేదు. వచ్చింది. తోసేశాను.

చివరికి ఎముక మీద గట్టిగా ఉబ్బు తేలింది, పిల్ల కుంటడం మొదలుపెట్టింది. ఈసారి తల్లి నన్ను సలహా అడగలేదు. "రేపు పొద్దుగాల బస్సుకు జగిత్యాల పోతున్నం. నువ్వు సుత రావాలె. పెద్ద డాక్టరు మాట మాకు సమజ్ గాదు" అంది.

జగిత్యాలలో ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. ఎముక ఒక పక్క లావెక్కి ఉంది.

"లోపల చీము పట్టి ఉండొచ్చు, గడ్డ అయినా ఉండొచ్చు. గడ్డలల్ల మంచియి ఉంటయి, చెడ్డయి ఉంటయి."

"చెడ్డదైతె?" అంది తల్లి.

పిల్ల లంగాను పాదం దాకా లాక్కుని, కాలి మీద చెయ్యి వేసుకుంది. "కాలు తీసేస్తరా సార్?" అని మెల్లగా అడిగింది.

"తొందరపడకు. ఇన్ని దినాలు ఏం మందు వాడిండ్రు?"

తల్లి కొంగు ముడి విప్పి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "మా డాక్టర్ సాబ్ మందు. అరగంటల నొప్పి మాయం!"

డాక్టరు పొడిని వేళ్ల మధ్య నలిపి నా వైపు తిరిగాడు. "దీంట్ల ఏమున్నదో తెలిస్తె నాకు సగం పని అయితది. నిజం చెప్పు."

పోలీసుల పేరు చెప్పి తప్పించుకునే మాట నోటి దాకా వచ్చింది. పిల్ల చెయ్యి ఇంకా ఆ కాలి మీదే ఉంది.

"ఆస్ప్రిన్ సార్."

"ఇంకా?"

"మిఠాయి రంగు."

"ఇంకా?"

"ఇంకేం లేదు సార్."

"తలకాయ నొస్తె ఏసుకునే గోళీయా?" తల్లి కుర్చీలోంచి లేచింది. "ఏడాది సంది నా బిడ్డకు జిలేబీ రంగు తాగిచ్చినవా!"

డాక్టరు ఆమెను కూర్చోమని సైగ చేసి పిల్లను అడిగాడు. "పండుకున్నంకనే ఎక్కువ గదా? ఈ పొడి ఏసుకుంటె మొత్తం పోతదా?" పిల్ల తలూపింది. ఆయన భూతద్దంతో ఎక్స్‌రేను మళ్లీ వెతికాడు. లావెక్కిన ఎముక మధ్యలో జొన్నగింజంత నల్లటి చుక్క. మాకు చూపించి నవ్వాడు. "రాత్రి నొప్పి, ఆస్ప్రిన్‌కు లొంగుడు. ఈ గడ్డ గుణమే గది. చెడ్డది కాదు. ఆ గింజ తీసేస్తె నొప్పి పోతది, కాలు ఉంటది. తీసినంక పరీక్షకు పంపి ఖాయం చేసుకుందం."

తర్వాత నాతో అన్నాడు. "నిరుడే పంపియ్యాల్సింది. పిల్లకు ఏడాది నిద్ర మిగులుతుండె."

తిరుగు బస్సులో తల్లి నా సంగతంతా అందరికీ వినబడేట్టు చెప్పింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి, "డాక్టర్ సాబ్, నా నడుం నొస్తంది, పచ్చ రంగుది ఉన్నదా?" అన్నాడు. బస్సంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ పిల్ల. అంతమంది ముందు పరువు పోతే మనసు అంత తేలికవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. కల్వం మళ్లీ ముట్టలేదు. ఆ రోజు నుంచి ఆ తల్లికి నేను డాక్టర్ సాబ్‌ను కాను, తమ్మిని.

ఆ నెలలోనే జగిత్యాలలో ఆపరేషన్ అయింది. మంచి గడ్డే అని పరీక్ష కాగితం పది రోజులకు వచ్చింది గానీ, మాకు అంతకుముందే తెలిసిపోయింది. ఆపరేషనైన మూడో రోజు నేను రొట్టెలు పట్టుకుని పోయేసరికి పొద్దు బాగా ఎక్కింది. తల్లి వరండాలో కంగారుగా తిరుగుతోంది.

"తమ్మీ, పిల్ల లేస్తలేదు. రాత్రి పండుకున్నది పండుకున్నట్టే ఉన్నది. జర చూడరాదు!"

లోపలికి పోయి నాడి పట్టుకున్నాను. పిల్ల కళ్లు తెరవకుండానే చెయ్యి విదిలించుకుంది.

"పండుకోనియ్యరా ఏంది? నొప్పి లేదు, ఏం లేదు. పోండ్రి!"

తల్లి నేల మీదే కూలబడి, నవ్వు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. కిటికీకి తెర లేదు. పిల్ల ముఖం మీద ఎండ పడుతుంటే వెళ్లి అడ్డంగా నిలబడ్డాను, తను లేచేదాకా.