పోలమ్మ నోట్లో నీళ్ళు పోసిన మనిషి

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. అలాంటి నమ్మకాలు పెట్టుకుంటే నర్సు ఉద్యోగం చేయలేం. శవాల గది గోడ పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా ఖాళీ చేసినదాన్ని. ఫలానా మంచం మంచిది కాదని తోటి నర్సులు గుసగుసలాడుకుంటుంటే, ఆ మంచం మీదే దుప్పటి మార్చి ఇంకో రోగిని పడుకోబెట్టిన మొండిదాన్ని. కాబట్టి ఇది నమ్మమని ఎవర్నీ అడగను. చూసింది చూసినట్టు చెబుతాను.

విశాఖపట్నంలో స్టీల్‌ప్లాంటు పనులు జోరుగా సాగుతున్న రోజులవి. నేను ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకి ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల పేట నుంచి పోలమ్మ అనే ఆవిడని తీసుకొచ్చారు. కడుపులో కంతి. అప్పటికే చేయి దాటిపోయింది. నొప్పి తెలియకుండా చూడటం తప్ప ఇంకేమీ చేయలేమని డాక్టరుగారు చెప్పేశారు.

కూడా ఉన్నది కూతురు అప్పలకొండ ఒక్కతే. హార్బరులో చేపలు కొని వీధుల్లో తిరిగి అమ్ముకునేది. ఆమె మొగుడు పారాదీప్ వైపు పని మీద వెళ్ళి ఉన్నాడు.

పోలమ్మ నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా ఎర్ర గాజులు. మీ ఆయన ఎక్కడమ్మా అని అడిగితే వేటకెళ్ళాడంది. ఎప్పుడంటే, అప్పలకొండ కడుపులో ఉన్నప్పుడంది. ఆ అప్పలకొండకి అప్పటికే ముప్పై దాటాయి. నొప్పికి మతి చలించిందేమో అనుకున్నాను. కూతురు నన్ను పక్కకి పిలిచింది.

"మా అయ్య తెప్పేసుకెల్లి మరి రానేదు సిస్టరమ్మా. పీనుగు కూడా ఒడ్డుకి రానేదు. గడ్డి బొమ్మ సేసి కాల్సీమన్నారు మావోల్లు. కల్లతో సూడకండా గాజులెలగ తీసెత్తానని అమ్మ ఒప్పుకోనేదు."

చిక్కంతా ఆ గాజుల దగ్గరే వచ్చింది. పోలమ్మ మరిది పేటలో పెద్దమనిషి. ప్రాణం పోయేలోగా గాజులు తీయించాలని, లేకపోతే సాగనంపడం పద్ధతిగా జరగదని సాయంత్రం పూట వచ్చి పట్టుబట్టాడు. చెడ్డవాడు కాదు. అన్న కోసం ఆయనా ఏడ్చే ఉంటాడు. కానీ ఆయన మాట వినగానే పోలమ్మ రెండు చేతులూ దుప్పటి కింద దాచేసుకుంది. నా వార్డులో ఉన్నంతవరకూ ఆ గాజుల మీద ఎవరూ చెయ్యి వేయడానికి వీల్లేదని గట్టిగా చెప్పాను. సూదికి అడ్డమని మా నర్సులు తీయబోతే, వాటిని మోచేతి వైపు జరిపి కట్టుగుడ్డతో నేనే కట్టాను.

మంచం మీద ప్రాణం పోకూడదనీ, నేల మీదే పోవాలనీ ఆమె కోరిక. మా ఆనందపురం వైపు రైతుల ఇళ్ళలోనూ ఈ పట్టింపు ఉంది. డాక్టరుగారిని అడిగితే, దించితే పోయేదేముంది, దించండి అన్నారు. వార్డు మూలన తెర అడ్డం పెట్టి చాప మీద పడుకోబెట్టాం.

ఇక నా చేతిలో లేనిది ఒకటుంది. చివరి గుక్క నీళ్ళు కొడుకో మొగుడో పోయాలని వాళ్ళ ఇంటి ఆచారం. కొడుకు లేడు. తులసాకు వేసిన నీళ్ళు అప్పలకొండ పోయబోతే పోలమ్మ పళ్ళు బిగించేసింది. మరిది పోయబోయినా అంతే, నేను చెంచాతో పట్టినా అంతే. "మీ అయ్యొచ్చి ఇత్తాడు" అంది కూతురితో. ఆ తర్వాత మాట కూడా పడిపోయింది. ఈవిడ గొంతు తడవకుండానే పోతుందేమోనని నాకు బెంగ పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డంతా కునుకు తీస్తోంది. అప్పలకొండ కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. నేను మందుల ట్రే పట్టుకుని తెర వెనక్కి వెళ్ళాను.

ఒకతను చాప మీద కూర్చుని, పోలమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, గ్లాసుతో నీళ్ళు పోస్తున్నాడు. పాతికేళ్ళవాడిలా ఉన్నాడు. చొక్కా లేదు. వెడల్పాటి భుజాలు, మెడలో నల్ల తాడు. విజిటింగ్ వేళ కాదని కసరబోయి, పోలమ్మ గొంతు కదలడం చూసి ఆగిపోయాను. గుటకలు వేస్తోంది.

ఆమెకి కొడుకు లేడన్న సంగతి నాకు తట్టనే లేదు. "మీ అమ్మకి మెల్లగా పొయ్యి నాయనా, పొలమారుతుంది" అన్నాను.

"అలాగేనమ్మా" అన్నాడు. తల ఎత్తలేదు. పోలమ్మ మాత్రం కళ్ళు తెరిచి నాకేసి చూసి నవ్వింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల నవ్వినట్టు సిగ్గుపడుతూ నవ్వింది. ఆ సిగ్గెందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

పక్క మంచం ఆవిడకి సూదిమందు ఇచ్చి వచ్చేసరికి అతను లేడు. గ్లాసు సగమైంది. పోలమ్మ పోయింది. పెదాలూ గడ్డమూ ఇంకా తడిగానే ఉన్నాయి.

వార్డుకి ఒకటే గుమ్మం. అక్కడే ఆయా కూర్చుని దూది ఉండలు చుడుతోంది. మగమనిషి ఎవడూ లోపలికి రాలేదని, బయటికి పోలేదని ఒట్టేసి చెప్పింది. మగవాళ్ళ వార్డులోనూ గేటు దగ్గరా వాకబు చేశాను. అలాంటి మనిషిని చూశామన్నవాళ్ళు లేరు. ఎవరి తాలూకు మనిషో పొరపాటున వచ్చి, దాహం చూడలేక పోశాడని అనుకోవచ్చు. అలా అనుకోవాలని నేనూ చాలా తంటాలు పడ్డాను. మరి కన్న కూతురికి తెరవని నోరు అతనికెందుకు తెరిచిందో!

అప్పలకొండకి జరిగింది చెప్పాను. ఏడుస్తున్నదల్లా ఆగి, నా చెయ్యి పట్టుకుంది. "ఎలగున్నాడమ్మా?" అని అడిగింది. మరిది ఆ మాటలు విని గోడకి జారబడి కూర్చున్నాడు. మళ్ళీ గాజుల ఊసెత్తలేదు. పసుపు రాసి, బొట్టు పెట్టి, గాజులతోనే తీసుకెళ్ళారు.

ఆ తర్వాత అప్పలకొండ మా క్వార్టర్స్ వైపు చేపలు తెచ్చేది. వచ్చినప్పుడల్లా "మరోపాలి సెప్పమ్మా" అనేది. తండ్రి ఫొటో ఒక్కటీ లేదట. భుజాలు, మెడలో తాడు, మెత్తటి గొంతు అని చెప్పేదాన్ని. అంతకు మించి నా దగ్గర లేదు. ఆమె ముఖం చూస్తే ఇంకేదైనా కలిపి చెప్పాలని నోటిదాకా వచ్చేది. చెప్పలేదు.

ఒకరోజు చేపల తట్ట దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఎండకేసి తిరిగి నిలబడింది.

"నన్ను సరిగ్గా సూడమ్మా. మా అయ్య పోలికేటైనా ఉందా?"

చాలాసేపు చూశాను. తను కళ్ళు చికిలిస్తూ, కదలకుండా అలాగే నిలబడింది.

అతనెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా తేలలేదు. ఒక్కసారి తలెత్తు నాయనా అని అడిగి ఉంటే, అప్పలకొండకి చెప్పడానికి ఒక ముఖమైనా ఉండేది.