ఒకే గొంతులో ఆరు, ఏడు

ఆయన్ని అందరూ నెంబర్ల మాస్టారు అనేవారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషేం కాదు. ఇరవయ్యారేళ్ళుగా టూరిస్టులకు కోటలూ కొండలూ చూపించి పొట్ట పోసుకుంటున్న గైడు. చిన్న వ్యాను, తొమ్మిదిమంది యాత్రికులు, ఐదు రోజులు. దేశంలో చూడదగ్గవన్నీ ఆ ఐదు రోజుల్లో చూపించేస్తామని కంపెనీ వాళ్ళు కాగితం మీద అచ్చేశారు. అది పచ్చి అబద్ధమని గైడ్లందరికీ తెలుసు. అయినా మాస్టారు చెబుతుంటే, చూడనివి కూడా చూసేసినట్టే ఉండేది జనానికి. మొండి గోడ ముందు నిలబెట్టి, అక్కడ రాజుగారు ఎవరి మీద కోప్పడ్డాడో, ఎందుకు కోప్పడ్డాడో చెప్పి కడుపుబ్బ నవ్వించేవాడు.

నోరు అంత బాగున్న మనిషికి కళ్ళే బాగాలేవు. అసలు సంగతి ఇదే, ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో తీసి చూపించడానికి నేనేం గారడీవాణ్ణి కాదు.

రెండేళ్ళ కిందట కళ్ళ డాక్టరు చెప్పాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటోంది, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కల ఉన్నది కనిపించదు, మసక వెలుతురులో మరీ కష్టం, పోయిన చూపు ఇక తిరిగి రాదు. గొట్టంలోంచి లోకాన్ని చూస్తున్నట్టే అయింది ఆయన బతుకు. ఈ సంగతి ఆయనకూ ఆయన భార్యకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ వ్యాను నడిపేది స్వయానా ఆవిడ తమ్ముడు. అతనిక్కూడా చెప్పలేదంటే చూసుకోండి.

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున చెబితే సాయంత్రానికి ఓనరమ్మ చెవిలో ఉంటుంది," అనేవాడు మాస్టారు.

"ఆ ఓనరమ్మకి మీరే చెప్పెయ్యరాదూ? ఆఫీసులో ఏ కుర్చీలోనో కూర్చోబెడుతుంది," అనేది భార్య, కంట్లో చుక్కలు వేస్తూ.

"కూర్చోబెట్టదు, ఇంటికి పంపిస్తుంది. యాభై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకో పని చేతకాదు. ఈ సీజను గడవనీ, చెబుతాను."

"పోయిన సీజనప్పుడూ ఇదే మాటన్నారు."

"నీకు జ్ఞాపకశక్తి ఎక్కువైపోయిందే," అని నవ్వి లేచిపోయేవాడు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

ఈ నెంబర్ల పద్ధతి ఆ రోజుల్లోనే పుట్టింది. గైడన్నవాడు బండి కదిలే ముందు మనుషుల్ని కంటితో లెక్కపెట్టుకోవాలి. ఆ కన్నే సరిగ్గా లేకపోతే? యాత్ర మొదటి రోజున ఒక్కొక్కరికీ ఒక అంకె ఇచ్చేవాడు. బండెక్కగానే "ఊఁ, కానివ్వండి" అనగానే ఒకటి, రెండు, మూడు అంటూ ఎవరి అంకె వాళ్ళు గట్టిగా చెప్పాలి. తొమ్మిది వినిపిస్తే బండి కదలాలి. జనానికి భలే సరదాగా ఉండేది. ముసలివాళ్ళు కూడా బడిపిల్లల్లా అరిచేవాళ్ళు. ఓనరమ్మకి ఆ పద్ధతి ఎంత నచ్చిందంటే, మిగతా గైడ్లందర్నీ అలాగే చెయ్యమని హుకుం జారీ చేసింది. ఆయన తన గుడ్డితనానికి కప్పుకున్న దుప్పటిని కంపెనీ మొత్తం కప్పుకుంది. పొగిడినప్పుడల్లా మాస్టారు తేలు కుట్టిన దొంగలా ఊరుకునేవాడు.

ఈ కథ జరిగింది అలాంటి ఒక యాత్రలో మూడో రోజున.

ఆరు, ఏడు నెంబర్లు మొగుడూ పెళ్ళాలు. పెళ్ళయి నాలుగేళ్ళు. పొద్దున టిఫిన్ దగ్గర అతను పెళ్ళాం మీద ఏదో జోకు వేశాడు. ఆవిడ ఇంట్లో దారి తప్పకుండా వంటగదికి వెళ్ళడమే గొప్పని అన్నాడట. అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. మూతి ముడుచుకుని నోరు కట్టేసుకుంది. వ్యానెక్కాక "ఏడు" అనాల్సిన చోట ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, మొగుడే "ఆరు, ఏడు" అని రెండూ కలిపి చెప్పేశాడు. బండంతా గొల్లుమంది. మధ్యాహ్నానికి అదొక ఆట అయిపోయింది. బండెక్కినప్పుడల్లా అతను "ఆరు, ఏడు" అనడం, వీళ్ళు నవ్వడం. ఆవిడ వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. అతను ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి సముద్రపు కోటకు చేరారు. ఆ కోట ఒడ్డున ఉండదు. నీళ్ళలో ఓ బండ మీద ఉంటుంది. ఒడ్డు నుంచి రాళ్ళ కట్ట మీద ఏడెనిమిది నిమిషాలు నడవాలి. కట్టకు అటూ ఇటూ గోడ లేదు, కమ్మీ లేదు. పోటు వస్తే కట్ట మునిగిపోతుంది. ఆ రోజు ఐదున్నరకు మునగడం మొదలవుతుందని ఒడ్డున బోర్డు మీద సుద్దతో రాసి ఉంది. పావు తక్కువ ఐదుకల్లా వ్యాను దగ్గర ఉండాలని మాస్టారు మూడుసార్లు చెప్పాడు.

వెనక్కి వచ్చేటప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడు. ముసలివాడు, మాస్టారితో ఇరవయ్యేళ్ళ స్నేహం. కాపురం ఒడ్డునే.

"మాస్టారూ, అందరూ వచ్చేసినట్టేనా? తాళం వేసెయ్యనా?"

"ఆగు, వ్యానులో లెక్క చూసుకుని ఒడ్డు నుంచి చెయ్యి ఊపుతాను," అని మాస్టారు కట్ట దాటి వ్యానెక్కాడు. "ఊఁ, కానివ్వండి" అన్నాడు.

"ఒకటి." "రెండు." "మూడు." "నాలుగు." "ఐదు." "ఆరు, ఏడు." "ఎనిమిది." "తొమ్మిది."

ఆరూ ఏడూ ఒకే గొంతులో వచ్చాయి. మాస్టారి చెవి దాన్ని పట్టింది. ఓసారి వెనక్కి చూశాడు. నడవ మధ్యలో చివరి కిటికీ కనిపించింది, ఇటూ అటూ అంతా చీకటి. వెనకదాకా నడిచివెళ్ళి ఆ సీటు మీద చెయ్యి వేసి చూస్తే ఎంతసేపు పడుతుంది? పది అడుగులు. కానీ అలా తడుముకుంటుంటే అందరూ చూస్తారు. పొద్దుట్నుంచీ ఇలాగే నడుస్తోంది కదా అనుకున్నాడు. కిందికి దిగి వాచ్‌మన్‌కి చెయ్యి ఊపాడు.

"పోనీ బామ్మర్దీ."

మూడు కిలోమీటర్ల అవతల టీ కొట్టు దగ్గర ఆగారు. మాస్టారు తొమ్మిది టీలు చెప్పాడు. ఎనిమిది చేతులు వచ్చి ఎనిమిది గ్లాసులు తీసుకున్నాయి. పళ్ళెంలో ఒక గ్లాసు మిగిలిపోయింది.

"ఏమండీ ఆరో నెంబరుగారూ, మీ ఆవిడకి పట్టుకెళ్ళి ఇవ్వండి. అలకలో ఉన్నవాళ్ళకి టీ చల్లారకూడదు," అన్నాడు బామ్మర్ది.

అతను నవ్వుకుంటూ వ్యానెక్కాడు. దిగేటప్పటికి మొహంలో నెత్తురు చుక్క లేదు. "లేదండీ. బండిలో లేదు. బ్యాగు ఉంది, అందులో ఫోను కూడా ఉంది. మనిషి లేదు."

మాస్టారు గడియారం మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఐదూ పది.

వ్యాను వెనక్కి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. బామ్మర్ది హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. వాచ్‌మన్ అప్పటికే ఇంటికి చేరి చొక్కా విప్పుకుంటున్నాడు. సంగతి విని తాళాలు పట్టుకుని బనీనుతోనే పరిగెత్తుకొచ్చాడు. "నువ్వు చెయ్యి ఊపావుగా మాస్టారూ! నువ్వు ఊపాకేగా నేను వేసింది!"

వాచ్‌మన్, మొగుడు, మాస్టారు ముగ్గురూ కట్ట మీదికి దిగారు. నీళ్ళు అప్పుడే రాళ్ళ మీదికి పాకుతున్నాయి. పొద్దు వాలిపోయింది. మాస్టారికి కట్ట ఏదో, నీళ్ళేవో తెలియడం లేదు, అంతా ఒకే బూడిద రంగు. వాచ్‌మన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"జాగ్రత్త తాతా, జారతావు, నేను పట్టుకుంటాను," అన్నాడు మాస్టారు.

"నన్ను పట్టుకోడానికి వచ్చావా, నాకు వేలాడ్డానికి వచ్చావా? బరువు దించు," అని విసుక్కుంటూనే నడిచాడు ముసలాయన.

గేటు తలుపుకి అవతల నుంచి దబదబా బాదుతున్న చప్పుడు వినిపిస్తోంది. తాళం తీయగానే ఆవిడ బయటికొచ్చింది. చేతివేళ్ళ కణుపులు చిట్లి రక్తం కారుతోంది, అరిచి అరిచి గొంతు పోయింది. ఒక్కతే కూర్చుని కాసేపు ఏడుద్దామని సముద్రం వైపు గోడ చివరికి వెళ్ళిందట. అలల హోరులో పిలుపులు వినబడలేదు. తిరిగి వచ్చేసరికి తాళం.

మొగుడు చేతులు చాపుకుంటూ వెళ్ళాడు. ఆవిడ అతన్ని దాటుకుని వచ్చి మాస్టారి చెయ్యి పట్టుకుంది.

"మీరొచ్చారు. మీరొస్తారని నాకు తెలుసు."

"పదమ్మా, టైము లేదు. వాచ్‌మన్ తాత చెయ్యి పట్టుకో," అన్నాడు మాస్టారు.

"వద్దండీ. నాకు భయంగా ఉంది. మీరే నడిపించండి."

ఏమని చెబుతాడు? వాచ్‌మన్ ముందు, వెనక వీళ్ళిద్దరూ, చివర మొగుడు. మోకాలి లోతు నీళ్ళు. ముందున్న ముసలాయన తెల్ల బనీను ఒక్కటే మాస్టారికి ఆధారం. దాని మీదే చూపు నిలిపి అడుగు మీద అడుగు వేశాడు. సగం దూరంలో కట్ట ఎడమకు తిరుగుతుంది. బనీను చటుక్కున పక్కకి జరిగి కనబడకుండా పోయింది. మాస్టారు నేరుగా వేసిన అడుగు కింద ఏమీ లేదు. నడుం దాకా నీళ్ళలోకి దిగిపోయాడు. చెయ్యి వదలని ఆవిడ కూడా ముందుకి తూలింది. వెనక నుంచి మొగుడు ఆవిడ నడుం పట్టుకుని గుంజితే ఆవిడా, ఆవిడ చెయ్యి పట్టుకున్న మాస్టారూ రాళ్ళ మీదికి వచ్చి పడ్డారు.

"అల తోసిందా?" అని ఆవిడ అడిగింది.

"అవునమ్మా, అలే," అన్నాడు మాస్టారు.

ఒడ్డుకి చేరారు. వ్యానులో ఆవిణ్ణి ముందు సీట్లో మాస్టారి పక్కన కూర్చోబెట్టి ఎవరిదో శాలువా కప్పారు. ఇక అందరూ ఆరో నెంబరు మీద పడ్డారు. "పెళ్ళాం ఉందో లేదో చూసుకోని మొగుడేం మొగుడయ్యా!" అని ఒకటో నెంబరు పెద్దావిడ దులిపేసింది. అతను మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, "వెనకాల కూర్చుందనుకున్నాను, వెనకాల ఉందనుకున్నాను," అని అదే మాట గొణుగుతున్నాడు.

"రేపు పొద్దున నన్ను స్టేషన్లో దింపెయ్యండి. మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. నేను లేనని తెలియని మనిషితో ఇంక కాపురం చెయ్యను," అంది ఆవిడ. మాస్టారి వైపు తిరిగి, "మీరు లేకపోతే నేనీపాటికి..." అని ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

బామ్మర్ది గొంతు తగ్గించి అన్నాడు. "ఓనరమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను బావా. తప్పంతా ఆరో నెంబరుదేనని చెప్పాను. నీ మీదికి రాదులే. మాస్టారి పద్ధతికి వంక పెట్టేదేం లేదు, ఇకమీదట ఒకరి నెంబరు ఇంకొకరు చెప్పకూడదని రూలు పెడతానంది."

చూశారా, ఎంత చక్కగా గండం తప్పిపోయిందో! నోరు మూసుకుంటే చాలు. మాస్టారు రెండు మలుపులు దాటేదాకా మూసుకునే ఉన్నాడు. మిగతా గైడ్లు గుర్తొచ్చారు. నిక్షేపంలాంటి కళ్ళున్నవాళ్ళు తన మూలంగా చూడడం మానేసి వినడం నేర్చుకున్నారు. వెనక ఆ ఆరో నెంబరు కుర్రవాడి గొణుగుడు ఆగడం లేదు. మాస్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది. మైకు అందుకున్నాడు. రోజూ ఏదో కబురు చెప్పడానికి తీసినట్టే తీశాడు గనక జనం తలలెత్తారు.

"అతన్నేం అనకండి. తప్పు నాది. లెక్క చూడాల్సింది నేను. నాకు పక్కల చూపు లేదు. రెండేళ్ళయింది. వెనక సీట్లో ఆవిడ లేదని నాకు కనబడలేదు. లేచి చూస్తే మీ అందరికీ తెలిసిపోతుందని చూడలేదు. అంకెలు పెట్టింది కూడా అందుకే."

ఆవిడ చేతులు ఆయన చెయ్యి మీద అలాగే ఉన్నాయి.

"కట్ట మీద... అల తోసిందన్నారుగా," అంది మెల్లగా.

"అల కాదమ్మా. కట్ట అంచు నాకు కనబడలేదు."

"కనబడదని తెలిసీ నన్ను పట్టుకుని ముందు నడిచారా?"

ఆవిడ చేతులు తీసేసుకుంది. కదిలే బండిలోనే లేచి, మొగుణ్ణి కూడా దాటి, వెనక ఖాళీ సీట్లోకి వెళ్ళి ఒక్కతే కూర్చుంది.

"మా అక్కకి తెలుసా?" అన్నాడు బామ్మర్ది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"తెలుసు."

"నాకు చెప్పలేదన్నమాట. రోజంతా పక్కనే ఉంటాను కదా బావా. అద్దంలో నేను చూసి చెప్పేవాణ్ణి కదా." నువ్వుగింజ నానని నోరు గంటసేపు మూసుకుపోయింది.

బస చేరకముందే ఓనరమ్మకి మాస్టారే స్వయంగా ఫోన్ చేసి అంతా చెప్పాడు. "రేపు పొద్దున వేరే గైడుని పంపిస్తాను. మీరు బస్సెక్కి వచ్చెయ్యండి," అని ఆవిడ పెట్టేసింది.

బస ముందు వ్యాను ఆగింది. అందరూ దిగి లోపలికి వెళ్ళిపోయారు. మాస్టారు తలుపు దగ్గరికి వచ్చేసరికి బామ్మర్ది కింద నిలబడి ఉన్నాడు, చెయ్యి చాపి.

"దిగు బావా. మెట్టుంది, చూసుకో."

ఇరవయ్యారేళ్ళుగా వేలమందికి తాను చెప్పిన మాట అది. తనకి ఒకరు చెప్పడం అదే మొదటిసారి. ఒళ్ళు మండింది. నాకు తెలియదా మెట్టుందని, అనబోయాడు. కిందికి చూశాడు, చీకటి తప్ప ఏం కనబడలేదు. చెయ్యి పట్టుకుని దిగాడు.