కర్పూరం ఆర్పిన చెయ్యి

నల్లబండ దొడ్డిలో ఓటు ఎవరిది వాళ్ళు వేసుకునేది కాదు, ఊరంతా కలిసి వేసేది. డెంకణికోట దాటి అడవి వైపు పోయి, బస్సు ఆగిపోయే చోట దిగి గుట్ట ఎక్కితే వచ్చే ఊరు అది. ఉన్నవే గుప్పెడు ఇళ్ళు. ఆ ఓట్లు కూడా తలా ఒక దిక్కుకు చీలిపోతే ఏ పార్టీవాడు మాత్రం చొక్కా తడుపుకుని గుట్ట ఎక్కుతాడు? మూటగా ఉంటేనే వాటికి విలువ. అందుకని పెద్దలు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టారు. ఎన్నికలకు ముందు ఊరి తరఫున ఒక మనిషి మునేశ్వరుడి రాయి ముందు నిలబడాలి. అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, ఫలానావాళ్ళకు అని పైకి చెప్పి, గుప్పిట మూసి ఆర్పాలి. ఆర్పితే ప్రమాణం అయినట్టే. ఆ తర్వాత బూత్ లోపల చూసేవాళ్ళు లేకపోయినా ఆ మాట తప్పినవాళ్ళు లేరు.

ఆ ఆర్పే చెయ్యి చాలా ఎన్నికలుగా సిద్దప్పది.

సిద్దప్ప బడి మొహం చూసినవాడు కాదు, గొర్రెలు కాచినవాడు. పంటలు కోసేశాక మందను తోలుకుని కెలమంగలం, రాయకోట మీదుగా ఊరూరూ తిరిగేవాడు. రైతులు తమ చేలల్లో రాత్రిళ్ళు గొర్రెలను నిలుపుకునేవాళ్ళు. చేనుకు ఎరువు దొరికేది, సిద్దప్పకు రాగులు దొరికేవి. అలా తిరిగినవాడికి ఏ ఊళ్ళో ఏ గాలి వీస్తుందో తెలియకుండా ఎలా ఉంటుంది? పైగా పొట్టేలు నడుం మీద చెయ్యి వేసి ఒత్తి, బొచ్చు ఎంతో కండ ఎంతో చెప్పగలడు. నాయకులనూ అలాగే ఒత్తి చూస్తాడని ఊరి నమ్మకం. ఆ నమ్మకం ఆయనకూ ఉండేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన పరీక్ష పెద్దదేమీ కాదు. ఓటు అడగడానికి వచ్చినవాడికి చాప పరిచి, చెంబు నిండా రాగి అంబలి ఇస్తాడు. పంచెకు మట్టి అంటుతుందని నిలబడే మాట్లాడినవాడు, పెదవులకు తాకించి చెంబు పక్కన పెట్టినవాడు అప్పుడే లెక్కలోంచి పోతారు. మిగిలినవాళ్ళలో ఎవరు మాట మీద నిలబడతారని చూస్తాడు.

పోయిన పార్లమెంటు ఎన్నికల్లో అలా ఇద్దరు మిగిలారు. ఒకాయన హోసూరు పక్కన ప్లాస్టిక్ పందిళ్ళ కింద రోజాపూలు పండించి విమానాలకు ఎక్కించే ఆసామి. ఊళ్ళో ఆయనను పూలతోటాయన అంటారు. రెండో ఆయన కృష్ణగిరి కోర్టు లాయరు. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు, ఇద్దరూ అంబలి తాగారు. ఊరు ఇద్దరినీ అడిగింది ఒక్కటే, ఏనుగుల సంగతి. రాగి వెన్ను ముదిరే కాలానికి అవి అడవిలోంచి దిగుతాయి. ఒక్క రాత్రిలో ఏడాది తిండి తొక్కేసి పోతాయి. అడవి అంచున ఏనుగులు దాటలేని కందకం తవ్వించండి అని ఊరు అడిగింది.

లాయరు కాసేపు ఆలోచించి, ఆ పని తన ఒక్కడి చేతిలో ఉండేది కాదన్నాడు. గట్టిగా అడుగుతాను, పంట పోయినవాళ్ళకు పరిహారం ఆ పంటకాలంలోనే వచ్చేలా పోరాడతాను, అంతకు మించి ఒట్టు వేయలేనన్నాడు. పూలతోటాయన అలా కాదు. కర్పూరం తెమ్మని తానే అడిగాడు. మునేశ్వరుడి రాయి ముందు అరచేతిలో వెలిగించుకుని, కందకం తవ్విస్తానని చెప్పి, ముఖంలో ఒక్క గీత మారకుండా గుప్పిట మూశాడు. ఊరు మురిసిపోయింది.

మురవనివాడు ఒక్కడే, సిద్దప్ప కొడుకు శివరాజ్. హోసూరులో షేర్ ఆటో తోలేవాడు. పంట కాపలా రోజుల్లో మాత్రం ఊరికి వచ్చి తండ్రితో మంచె ఎక్కేవాడు. ఆ సాయంత్రం తండ్రి పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు.

"నాయనా, నా వల్ల కాదు అనినోడే నిజం చెప్పినాడు. మనకేమో నిజం చేదయింది."

"చెయ్యి కాల్చుకున్నోడు అబద్ధం చెప్తాడేమిరా?" అన్నాడు సిద్దప్ప.

మర్నాడు సిద్దప్ప ఊరి తరఫున పూలతోటాయన పేరు చెప్పి కర్పూరం ఆర్పాడు. అరచేయి బొబ్బలెక్కింది. ఆ బొబ్బలు చూసుకుని ఆయన గర్వపడ్డాడు కూడా.

పూలతోటాయన గెలిచాడు. మాట తప్పాడని ఎవరూ అనలేరు, కందకం నిజంగానే వచ్చింది. జేసీబీ గుట్ట ఎక్కిన రోజు ఊరు ఊరంతా పోయి చూసింది. డ్రైవరుకు సిద్దప్పే స్వయంగా అంబలి తీసుకుపోయి ఇచ్చాడు. అడవి అంచు పొడుగునా తవ్వుకుంటూ వచ్చి వచ్చి, జేసీబీ నల్లబండ దగ్గర ఆగిపోయింది. బండ పగలగొట్టడం ఎస్టిమేటులో లేదని చెప్పి కంట్రాక్టరు బండి దింపుకుని వెళ్ళిపోయాడు. అసలు ఊరి పేరే నల్లబండ దొడ్డి. పుట్టినప్పటి నుంచి ఆ బండ మీద రాగులు ఎండబోసుకున్నవాళ్ళు, గొర్రెలు మేపుకున్నవాళ్ళు, కందకం అక్కడికి వచ్చాక ఏమవుతుందని ఒక్కరైనా అడగలేదు. అందరూ కర్పూరం ఆరిందా లేదా అనే చూశారు.

ఆ బండను ఆనుకుని ఉన్నది సిద్దప్ప రాగి చేను.

అంతకు ముందు ఏనుగులు అంచు పొడుగునా ఎక్కడపడితే అక్కడ దిగేవి. ఒక ఏడు ఒకరి చేను పోయేది, మరో ఏడు మరొకరిది. కందకం వచ్చాక వాటికి దారి ఒక్కటే మిగిలింది. మందంతా బండ మీదుగా దిగడం మొదలైంది. ఆ ఏడు కోతల కాలంలో తెల్లవారుజామున శివరాజ్ టార్చి, పటాకులు పట్టుకుని వాటిని మళ్ళించబోయాడు. బండ మీద మంచు పడి జారుడుగా ఉంది. ముందుకు పోదామంటే ఏనుగు, పక్కకు దూకుదామంటే కందకం. సిద్దప్ప మంచె మీది నుంచి అరుస్తూ దిగేసరికే ఏనుగు కాలి కింద అంతా అయిపోయింది. కొడుకును దుప్పట్లో కట్టి మోసుకొచ్చారు.

ఆ తర్వాత ఆయన గొర్రెలను అమ్మేశాడు. భార్య ఏనాడో పోయింది. ఇంట్లో మిగిలింది ఆయన, కోడలు లక్ష్మీప్రియ. ఆమెది సామల్పట్టి. పుట్టింటివాళ్ళు వచ్చి పిలిచినా పోలేదు. హోసూరులో బండ్ల విడిభాగాలు చేసే కంపెనీలో పనికి కుదిరి, చీకటితో కంపెనీ వ్యాను ఎక్కి పోయి, వాలే పొద్దుకు వస్తోంది. వచ్చి రాగి ముద్ద కెలికితే ఇద్దరూ తింటారు. శివరాజ్ మాట ఇద్దరూ ఎత్తరు.

కానీ సిద్దప్పను ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది. ఆ రోజు శివరాజ్ ఎవరికి వేశాడు? నచ్చిన లాయరుకా, తండ్రి ఆర్పిన కర్పూరానికా? ఒక్క ఓటు అటైనా ఇటైనా పూలతోటాయన గెలిచేవాడే, ఆ కందకం వచ్చేదే. అది ఆయనకు తెలియనిది కాదు. అయినా కొడుకు తన మాట కాదని లాయరుకు వేసి ఉండాలని ఆయన ప్రాణం కొట్టుకునేది. అలా వేసి ఉంటే, కొడుకును మింగిన కందకం కొడుకు చేతే తవ్వించిన పాపం తనకు ఉండదు. తెలిస్తే లక్ష్మీప్రియకే తెలియాలి. అడగడానికి నోరు రాలేదు.

మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. మళ్ళీ ఆ ఇద్దరే. చిల్లర అంగడి శేషప్ప ఊరి పెత్తనం కూడా అంగడిలోనే పెట్టుకున్న మనిషి. రోజూ వచ్చి, ఈసారి ఎవరని అడిగి పోతున్నాడు. పూలతోటాయన ముందుగా వచ్చాడు. తన పందిట్లో పూసిన రోజాలతోనే దండ కట్టించుకుని వచ్చి శివరాజ్ ఫోటోకు వేశాడు. ఈసారి బండ పగలగొట్టిస్తాను, కర్పూరం తెమ్మంటారా అన్నాడు. సిద్దప్ప అంబలి చెంబు ముందు పెట్టాడు. ఆయన మనసులో అప్పటికే ఒక నిర్ణయం ఉంది. ఈసారి లాయరుకే. ఆనాడు నిజం చెప్పిన పాపానికి ఓడిన మనిషి. ఆయన పేరు చెప్పి చెయ్యి కాల్చుకుంటే కొడుకు మాట ఇప్పటికైనా విన్నట్టు అవుతుంది. చాలా కాలం తర్వాత సిద్దప్పకు ఆ రాత్రి కంటినిండా నిద్ర పట్టింది.

లాయరు వచ్చాడు. తల నెరిసింది. చాప మీద కూర్చుని శివరాజ్ గురించి అడిగి తెలుసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అంబలి తాగాడు. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే చొక్కా జేబులోంచి కర్పూరం పొట్లం తీశాడు.

"ఏమని ఆర్పుతావు సామీ?" అని అడిగాడు సిద్దప్ప.

"బండ పగలగొట్టించి కందకం పూర్తి చేపిస్తానని."

"అది నీ చేతిలో ఉండే పనేనా? పోయిన తూరి కాదంటివే."

లాయరు తల దించుకున్నాడు. "నా చేతిలో ఉండేదే చెప్పినాను, మీరు నన్ను ఓడించినారు. ఇంగ నన్నేం చేయమంటావప్పా?"

లాయరు రాయి దగ్గరికి పోయి కర్పూరం వెలిగించి గుప్పిట మూశాడు. పూలతోటాయనకంటే చక్కగానే మూశాడు. ఊరు ఈయనను చూసి కూడా మురిసింది. నిజం చెప్పే ఒక్క మనిషికి ఈ విద్య నేర్పింది తామేనని సిద్దప్పకు తప్ప ఎవరికీ అనిపించలేదు.

ఊరి తరఫున కర్పూరం ఆర్పే రోజు రానే వచ్చింది. ఆదివారం, లక్ష్మీప్రియ కూడా ఇంటి దగ్గరే ఉంది. అందరూ రాయి ముందు చేరారు. సిద్దప్ప స్నానం చేసి, తడి తువ్వాలు భుజం మీద వేసుకుని నిలబడ్డాడు. శేషప్ప అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగించాడు. ఏ పేరు వస్తుందా అని ఊరు ఆయన నోటి వైపు చూసింది. పేరు రాలేదు. గుప్పిటా మూసుకోలేదు. కర్పూరం మండుతూనే ఉంది. ముందు దాని వాసన, ఆ తర్వాత చర్మం కాలిన వాసన వచ్చింది.

"మూయప్పా, చెయ్యి మూయి," అన్నాడు శేషప్ప కంగారుగా.

"మూసేది నా వల్ల కాదు. ఎవురి ఓటు వాళ్ళు ఏసుకోండి. నా మాట మీద ఇంగ ఎవురూ పోవద్దు."

లక్ష్మీప్రియ జనాన్ని తోసుకుని వచ్చి బిందెలో నీళ్ళు ఆయన చేతి మీద కుమ్మరించింది. ఊరికి కోపం వచ్చింది. కొడుకు పోయాక మతి చలించిందని కొందరు, ఇన్నాళ్ళు పెద్దమనిషి అనుకుంటే ఊరి మూట విప్పేశాడని కొందరు. వాళ్ళ తప్పు లేదు. మంచీ చెడూ ఎవరికి వారే తూచుకోవలసి రావడం ఎవరికైనా బరువే. ఆ బరువు వాళ్ళను ఎక్కువసేపు బాధపెట్టలేదు. రాయి మీది తడి ఆరకముందే శేషప్ప ముందుకు వచ్చి, పూలతోటాయన పేరు చెప్పి ఇంకో కర్పూరం ఆర్పేశాడు. జనం ఊపిరి పీల్చుకుని ఇళ్ళకు పోయారు.

పోలింగు నాడు మామా కోడలూ గుట్ట దిగి, కింది ఊరి బడిలో వరుసలో నిలబడ్డారు. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి సిద్దప్ప ఎడమచేత్తోనే మీట నొక్కాడు. ఎవరికి నొక్కాడో ఎవరికీ చెప్పలేదు. ఇంత వయసు వచ్చాక ఆయన ఓటు ఆయన ఒక్కడిదే అయింది ఆ రోజే. దానివల్ల సంతోషమేమీ కలగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారి కందకం పక్క నుంచే. నల్లబండ దగ్గరికి వచ్చాక సిద్దప్ప ఆగిపోయాడు. ఇన్నాళ్ళు అడగలేనిది అప్పుడు అడిగాడు.

"అమ్మా, పోయిన తూరి మావాడు ఎవురికి ఏసినాడు? నీకు చెప్పినాడా?"

అబద్ధం చెబుదామని లక్ష్మీప్రియకు తోచకపోలేదు. ఆయన ముఖం చూశాక అది చేతకాలేదు.

"నీకు లాయరే కదా ఇష్టం, ఆయనకే ఏసెయ్యి, ఎవురు చూస్తారు అని నేనే అనినాను మామా. మా నాయన చెయ్యి బొబ్బలెక్కి ఉండాది, దాన్ని అబద్ధం చేసేది నా వల్ల కాదు అనినాడు. నువ్వు చెప్పినోళ్ళకే ఏసినాడు."

సిద్దప్ప కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని బండ మీద కూర్చుండిపోయాడు. మాట తప్పకూడదని కొడుక్కి నడక వచ్చినప్పటి నుంచి నేర్పిన మనిషి ఆయన.

"ఒక్క తూరి తప్పిండొచ్చు కదమ్మా వాడు," అన్నాడు.

లక్ష్మీప్రియ పక్కనే కూర్చుంది. ఎండ ఎక్కి బండ కాలుతున్నా ఇద్దరూ లేవలేదు.