సోగత్తూరులో విమానపు ఇంజను మోటారుసైకిలు

మోటారుసైకిళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ పిచ్చి. విమానాల్లో ఉన్నట్టు ఐదు సిలిండర్లు నక్షత్రంలా చుట్టూ అమర్చిన ఇంజనుతో ధర్మపురి దగ్గర ఒకాయన బండి కట్టాడని విని నమ్మలేదు. ఉండబట్టలేక ఒక ఆదివారం బెంగుళూరులో ఆరింటి బస్సెక్కాను. టిక్కెట్టు ఐదు రూపాయల చిల్లర. కృష్ణగిరి మీదుగా పదిన్నరకు ధర్మపురిలో దిగాను. సోగత్తూరుకు జట్కావాడు రూపాయికి ఒప్పుకున్నాడు. "గోవిందప్ప ఇంటికా సామీ? ఆయన బండి తీస్తే నా గుర్రం చెప్పినమాట వినదు" అని నవ్వాడు.

గోవిందప్ప యుద్ధకాలంలో బెంగుళూరు విమానాల షెడ్డులో ఇంజన్లు తుడిచిన మనిషి. అప్పుడు చూసింది మనసులో పెట్టుకుని, పాత మోటారుసైకిళ్ళ సిలిండర్లు ఏరి, తొమ్మిదేళ్ళు కష్టపడి ఈ బండి కట్టాడు. నేను రెండుసార్లు పలకరిస్తేగానీ తిరిగి చూడలేదు.

"గట్టిగా మాట్లాడు సామీ. మూడు నెలల్లో చెవులు పూరా పోతాయని సేలం డాక్టరు చెప్పినాడు. ఇన్నాళ్ళూ ఇంజను పెరట్లోనే తిప్పినాను. చెయిను నిన్ననే వచ్చింది. ఈ పొద్దు తొప్పూరు కనుమ ఎక్కించల్ల. నా ఇంజను కొండెక్కే సత్తం నా చెవుల్తో వినల్ల" అన్నాడు.

ఆయన భార్య మునెమ్మ మాకు రాగిసంకటి, ఉలవచారు పెట్టింది. నేను గబగబా తిని బయట బండి దగ్గరికొచ్చాను. "ఆయన వచ్చేదాకా తాకొద్దు నాయనా" అని ఆమె లోపలినుంచి చెబుతూనే ఉంది. వింటేగా! నాకు తెలియని బండా అన్న పొగరు. గేరు వేసి, వాకిట్లోని వాలుమీదికి తోసి క్లచ్చి వదిలాను. లోపల ఠప్పుమంది. చక్రం బిగుసుకుపోయింది.

గోవిందప్ప చేయి కడుక్కుంటూ వచ్చి నా ముఖం చూశాడు. "సత్తం వచ్చిందా?" అని అడిగాడు. పది అడుగుల దూరంలో ఠప్పుమన్నది ఆయనకు వినపడనేలేదు. నేను తల ఊపాను.

బండి పక్కన కూర్చుని కింది సిలిండరు ప్లగ్గు విప్పాడు. నల్లటి నూనె ధారగా కారింది. "రెండునాళ్ళు నిలబడితే నూనంతా కిందికి దిగుతుంది సామీ. ముందు దీన్ని కార్చి, చక్రం చేత్తో తిప్పి చూడల్ల. లేకుంటే నూనె అణగదు, పిస్టను రాడ్డు వంగిపోతుంది" అన్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. కొత్త రాడ్డు కోయంబత్తూరులో చేయించాలి, నెలలు పడుతుంది. మునెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను సాయంత్రం నాలుగింటి బస్సుకు దొంగలా వచ్చేశాను.

ఎనిమిది నెలల తరవాత మళ్ళీ వెళ్ళాను. ఇంజను బాగైంది. ఆయన వెనక కూర్చున్నాను. ఇద్దరం తొప్పూరు కనుమ దిగి, మళ్ళీ పైకి ఎక్కాం. ఆ మోత రెండు పక్కలా కొండలకు తగిలి తిరిగొస్తుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పైన ఆయన బండి ఆపి, ఇంజను మీద అరచేయి పెట్టి, "ఎట్లుంది సామీ సత్తం?" అన్నాడు. తొమ్మిదేళ్ళ కష్టానికి కూలి అది. దాన్ని ఆయనకు దక్కకుండా చేసి నేను విన్నాను. బాగుందని మాత్రం అనగలిగాను, సిగ్గు లేకుండా.

ఆ బండి చూడటానికి వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. గోవిందప్పకు ఎదురుగా నిలబడి, పెదవులు కనపడేలా నిదానంగా మాట్లాడండి. వెనకనుంచి ఎంత అరిచినా ఆయనకు వినపడదు.