నురగలో తేలిన అక్షరాలు

కాగితం గురించి చదువు చెప్పే చోటు ఒకటి ఉంటుందంటే మా వాడలో ఎవరూ నమ్మలేదు. కాగితం మీద రాసింది చదువుతారు గానీ కాగితాన్నే చదివేదేముంటుందని నవ్వారు. నేను అక్కడే పనికి కుదిరాను కనుక నోరు మూసుకున్నాను. తర్వాత అది ఎంత ఎదిగిందో నా కళ్లారా చూశాను. ఎనభైలు వచ్చేసరికి సొంత మేడ, దూరదూరాల నుంచి పిల్లలు, కాగితాన్ని మడిచి మడిచి ఎప్పుడు తెగుతుందో చెప్పే యంత్రాలు. ఆ యంత్రాల గదిని ఎండాకాలం కూడా చల్లగా ఉంచేవారు. గాలిలో తడి మారితే కాగితం బలం మారుతుందట. మనుషులు చెమటలు కక్కుతుంటే కాగితానికి చల్లగాలి ఏమిటని మొదట నాకు ఒళ్లు మండింది. కారణం తెలిశాక ఆ గది తలుపు ఎవరు తెరిచి పెట్టినా నేనే కేకలేసేదాన్ని.

మొదట్లో ఉన్నదల్లా పాతబస్తీ ఛత్రినాకలో నవాబుల కాలం నాటి దేవిడీ బంగళా వెనక వాకిట్లో వేసిన రేకుల షెడ్డు. మా ఆయన రైల్వేలో ఖలాసీ. ఒక్క జీతంతో ఇల్లు గడవక నేనూ పనికి వెళ్లాను. చదివింది రెండో తరగతి, కూడబలుక్కుని చదవగలను. పాత నూలు గుడ్డలు, దర్జీల దగ్గర మిగిలిన ముక్కలు ఏరి తెలుపు వేరు, రంగు వేరు చేయడం నా పని. వాటిని నానేసి, బీటరు అనే యంత్రంలో గుజ్జు చేసి, జాలి చట్రంతో ఎత్తి ఆరబెడితే కాగితం.

దాన్ని నడిపే పెద్దసారు కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఆయన మీద నాకు గౌరవం కలిగింది చదువు చూసి కాదు. పగిలిన గాజుగొట్టం అంచు కూడా సానబట్టి మళ్లీ వాడుకునేవాడు. వస్తువు విలువ తెలిసిన మనిషి చెడ్డవాడు కాడని నా నమ్మకం.

ఆయనకు ఒకటే కోరిక. షెడ్డులో కాగితం చేయడమే కాదు, కాగితం శాస్త్రాన్ని పిల్లలకు పాఠంగా చెప్పాలి. దానికి షెడ్డుకు డబ్బిచ్చే పైవాళ్ల ఒప్పుదల కావాలి. వాళ్లేమో, "గుడ్డతో కాగితం మా తాతలూ చేశారు. అచ్చు పడిన చిత్తుకాగితాల రద్దీ నుంచి తెల్ల కాగితం తీసి చూపించండి. అప్పుడు క్లాసు పెట్టుకోండి. లేదంటే షెడ్డు మూసేయండి" అన్నారట. షెడ్డు మూస్తే ఆయన కోరికతో పాటు మా ఆడవాళ్ల పనీ పోతుంది.

రద్దీ బండి వచ్చింది. వాకిట్లో కుప్ప పోశారు. ఏరడానికి కూర్చుంటే నా చేతికి మొదట తగిలింది పెళ్లికార్డు. దాని మీద వెంకటేశ్వరస్వామి. నా పక్కన పనిచేసే పెద్ద వయసు ముస్లిం ఆవిడను మేమంతా ఖాలా అని పిలిచేవాళ్లం. ఆమెకు పాత ఉర్దూ పుస్తకంలో అల్లా పేరున్న పేజీ దొరికింది. కళ్లకద్దుకుని పక్కన పెట్టి చేతులు ముడుచుకుంది. నేనూ ముడుచుకున్నాను. మమ్మల్ని చూసి అందరూ ఆగిపోయారు.

మేస్త్రి వచ్చాడు. "ఏందమ్మా ఈ లొల్లి? కాగితం కాగితమే. ఎయ్యుండ్రి బీటర్ల."

"పెండ్లి కార్డు మీద ఎంకన్న ఉన్నడన్నా. నువ్వు తొక్కుతవా?" అన్నాను.

"నా పెండ్లిదైతే ఎప్పుడో తొక్కేటోన్ని" అన్నాడు.

అందరూ నవ్వారు గానీ ఎవరూ లేవలేదు. పెద్దసారు వచ్చి మా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఇంట్లో ఇలాంటివి ఉంటే ఏం చేస్తారమ్మా?"

"మూసీల ఇడుస్తం సారూ."

"హమ్ భీ వైసాచ్ సాబ్. పానీమే ఠండా కర్తే" అంది ఖాలా. పవిత్రమైన కాగితాన్ని నీళ్లలో వదలడాన్ని వాళ్లు చల్లబరచడం అంటారు.

"మరి ఇక్కడా వేసేది నీళ్లలోనే కదమ్మా?"

"నీళ్లల్ల ఏసుడు సరే సారూ. అక్షరాలు ఊడినంక ఆ నీళ్లు యాడికి పోతయి? మురికి మోరీలకే గద?"

ఆయన లేచి షెడ్డు వెనక్కి నడిచాడు. పని పోయిందనే అనుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు వెళ్లేసరికి షెడ్డు వెనక గుంత తవ్విస్తున్నాడు. దైవగ్రంథాల పేజీలు అసలు ముట్టుకోవద్దని, వేరే డబ్బాలో పెడితే గుడికీ మసీదుకూ పంపిస్తానని చెప్పాడు. మిగతావాటిలోంచి వచ్చే మురికి గుంతలోకే గానీ మోరీలోకి పోదన్నాడు. షెడ్డు గడప దగ్గర తన బూట్లు విప్పి లోపలికి నడిచాడు. ఆ తర్వాత చెప్పులతో లోపలికి వచ్చినవాళ్లు లేరు.

అప్పుడు తొట్టి చూపించాడు. సబ్బు, సోడా కలిపిన వెచ్చని నీళ్లలో గుజ్జు వేసి, అడుగు నుంచి గొట్టంతో గాలి పంపితే నురగ పొంగింది. మొదట బూడిద రంగు, ఆ తర్వాత కాటుకలా నలుపు. "సిరాకు నీళ్లంటే పడదమ్మా. నురగ కనబడితే ఎక్కి కూర్చుంటుంది" అన్నాడు. పుట్టిన నాటి నుంచి బట్టలుతుకుతున్నాను, మురికి దేన్ని పట్టుకుని పోతుందని ఒక్కనాడూ అనుకోలేదు. గరిటెతో ఆ నలుపు తీసి గుంతలో పోస్తుంటే అడుగున గుజ్జు తేటపడుతూ వచ్చింది. కుప్ప ముందు అందరం మళ్లీ కూర్చున్నాం.

పైవాళ్లు వచ్చే రోజు మాలో కొత్త కోడలు ఒకత్తె అందరికంటే ముందు వచ్చింది. తొట్టి దేవుడి అక్షరాలు మునిగే చోటు కదా అని కొబ్బరికాయ కొట్టి, పిడికెడు పసుపు చల్లింది. మేము వచ్చేసరికి గుజ్జంతా ఎర్రగా ఉంది.

"ఏం జేసినవే?" అన్నాను.

"మంచిగ జరగాలెనని ఏసిన అక్కా."

"నీ మంచి మన్నుగాను! సబ్బు నీళ్లల్ల పసుపు ఏస్తరా? చీరె మీద ఎన్నడు సూడలే?"

ఆమె ఏడుపు అందుకుంది. ఇంతలో బయట పైవాళ్ల మోటారు కారు ఆగింది. వచ్చినవాళ్లలో పెద్దాయన తొట్టిలోకి తొంగి చూసి, "ఇదేనా మీ తెల్ల కాగితం?" అన్నాడు.

పెద్దసారు ఎవరి మీదా నెపం వేయలేదు. "పసుపండీ. సున్నంలో కలిస్తే పారాణి అయినట్టే సోడాలోనూ ఎర్రబడుతుంది. చూడండి" అంటూ పటిక నీళ్లు పోయించాడు. ఎరుపు విరిగి పసుపు రంగు తేలింది. తేటనీళ్లతో కడిగించి, చట్రంతో ఎత్తించి, నీళ్లు ఒత్తించి, కాగితాలను డాబా మీద ఎండకు పరిపించాడు. ఒక కాగితం మీద మాత్రం సగానికి చెక్క కప్పించాడు. ఫాల్గుణం ఎండ చిటచిటలాడుతోంది. వచ్చినవాళ్లు దేవిడీ వరండాలో భోజనాలకు కూర్చున్నారు. మాకు మాత్రం సద్ది మూటలు విప్పబుద్ధి కాలేదు. డాబా మెట్లు ఎక్కడం, దిగడం.

పొద్దు వాలుతుండగా అందరూ పైకి వచ్చారు. పెద్దసారు చెక్క తీశాడు. కింద పసుపు అలాగే ఉంది. ఎండ తగిలిన సగం వెలిసి, గంజి రంగుకు వచ్చింది. పెద్దాయన కాగితం చేతికి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు, అంచు చించి చూశాడు.

"తెలుపు ఇంకా రావాలి. నలుసులు కూడా ఉన్నాయి" అన్నాడు.

"ఉన్నాయండీ" అన్నాడు పెద్దసారు.

"కానీ చెడిన పనిని ఎదురుగా పెట్టుకుని పాఠం చెప్పగలిగిన మనిషికి క్లాసు లేదనడం ఎలా? పెట్టుకోండి."

పెద్దసారు దండం పెట్టాడు. మేము గోడవారన నిలబడి ఉన్నాం. కొత్త కోడలు నా కొంగు పట్టుకుని, "ఏమంటున్నరక్కా? షెడ్డు మూస్తరా?" అంది.

"మూయరు. బడి పెడ్తరంట" అన్నాను.

ఖాలా ఆమె నెత్తిన చిన్నగా మొట్టి, "దేఖో బేటీ, ఇంకోపారి పసుపు ఎయ్యకు. ఇంకో బడి పెడ్తరు, గుజ్జు మోయలేక సస్తం" అంది.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నేను మాత్రం ఇద్దరినీ కసిరి కాగితాలు ఎత్తమన్నాను. రాత్రి తేమ తగిలితే మళ్లీ మెత్తబడతాయి.